గీతలో లేని రింగు

ఆ కంపెనీ గంట ఒక్కసారి మోగిస్తే మూడు వీధుల అవతల గోడ మీద నిద్రపోతున్న పిల్లి లేచి, ఒళ్లు విరుచుకుని, పక్కకి తప్పుకునేది. ఇందులో రవ్వంత కూడా అతిశయోక్తి లేదు. సైకిలు గంటలు చేసేవాళ్లు లోకంలో చాలామంది ఉండవచ్చు. పిల్లి చేత ఖాతరు చేయించుకున్న గంట మాత్రం అదొక్కటే.

అలాంటి గంట ఆ ఉదయం భోజనాల బల్ల మీద "టక్" అంది.

మేనేజరమ్మ మళ్లీ మీట నొక్కింది. మళ్లీ టక్. చెక్క చెంచాతో చెక్క మూత మీద కొట్టినట్టుంది.

మేనేజరమ్మ అన్నది షెడ్డులో పనివాళ్లు పెట్టిన పేరు. తండ్రి పెట్టిన గంటల కంపెనీని నాలుగేళ్లుగా ఆవిడే నడుపుతోంది. బల్ల మీదున్న అట్టపెట్టె, గంటలు చేసిపెట్టడానికి ఒప్పుకున్న అవతలి కంపెనీ నుంచి పొద్దున్నే నమూనాలతో వచ్చింది. అందులో ఇరవై నాలుగు గంటలు, ఒక్కొక్కటీ పల్చటి కాగితంలో చుట్టి, అద్దంలా మెరుస్తూ ఉన్నాయి. ఇరవై నాలుగూ మూగవే.

"అన్నీ కొట్టి చూశావా?" తండ్రి అడిగాడు. మొహానికి అడ్డం పెట్టుకున్న పేపరు దించలేదు.

వారం రోజుల తర్వాత ఆయన కూతురితో పలికిన మొదటి మాట అది. గంటల తయారీ బయటికిస్తూ ఆవిడ ఒప్పందం మీద సంతకం చేసిన రోజున ఆయన మాటలు మానేశాడు. రాత్రి భోజనం కూడా మానేశానని ప్రకటించాడు గాని, వంటింట్లో గిన్నెలు తెల్లారేసరికి ఖాళీ అవుతున్న సంగతి ఆయన భార్యకు తెలుసు.

"చూశాను నాన్నా. అన్నీ ఇంతే."

పేపరు దిగింది. వెనకాల మొహం వెలిగిపోతోంది. పరాయి చేతికిస్తే ఇంతేనని, తాను ముందే చెప్పానని, రేకు నాసిరకమో మనుషులు నాసిరకమో తేల్చుకోమని ఆయన తీరుబడిగా చెప్పుకొచ్చాడు. వారం రోజుల మౌనానికి వడ్డీ కూడా కలిపి వసూలు చేసుకున్నాడు.

 పెట్టె రాగానే వెర్నియర్ స్కేలు తీసుకుని మేనేజరమ్మ అన్ని కొలతలూ చూసుకుంది. పైగిన్నె మందం సరిగ్గా ఉంది. అడుగు పళ్లెం సరిగ్గా ఉంది. గిన్నెను మోసే నడిమి పోస్టు ఎత్తు కూడా సరిగ్గానే ఉంది. అవతలి ఇంజనీరుకి ఫోను చేస్తే అతను మర్యాదగానే, కుండ బద్దలు కొట్టినట్టు చెప్పాడు. మీరు పంపిన గీత కాగితంలో ఏముందో మా గంటలో అదే ఉంది మేడమ్ అన్నాడు. మీకోసం మిషన్లు ఆపి ఉంచాం, సాయంత్రం ఐదింటికి అవునో కాదో చెప్పండి, తర్వాత వేరేవాళ్ల పని ఎక్కించేస్తాం అన్నాడు.

కాదంటే సైకిళ్ల కంపెనీ అడిగిన నలభై వేల గంటలు ఇవ్వడం కల్ల. షెడ్డులో ఉన్న ప్రెస్సు వయసు మీరింది. దాని ఒంటికి అడ్డంగా పగులు ఉంది. బుద్ధి పుట్టిన రోజున మూడు వందల గిన్నెలు నొక్కుతుంది, పుట్టని రోజున నూనె తాగి కూర్చుంటుంది. ఆ ఆర్డరు పోతే షెడ్డు తలుపుకి తాళమే. పంతొమ్మిది మంది ఇళ్లకు వెళ్లిపోవాలి. అవునంటే నలభై వేల మూగ గంటలు.

"కాగితంలోనే ఏదైనా తేడా ఉందేమో నాన్నా," అంది మెల్లగా.

"నా గీతలో వెంట్రుకవాసి తప్పుండదు. గంట కూడా పంపొద్దు, కాగితం చాలు అని ముందే అన్నది నేనే. పని తెలిసినవాడైతే కాగితం చూసి చెయ్యాలి."

బల్లకి ఆ చివర కూర్చున్న టింగు మామయ్య కాఫీ గ్లాసులోకే చూస్తున్నాడు. ఆయన మేనేజరమ్మ తల్లికి తమ్ముడు. ముప్పై రెండేళ్లుగా షెడ్డులో బిగింపు బల్లకు పెద్ద. విడిభాగాలన్నీ గంటగా మారేది ఆ బల్ల మీదే. బిగించిన ప్రతి గంటనూ చెవి దగ్గర పెట్టుకుని, ఒకసారి కొట్టి, టింగు అని తలాడించి పెట్టెలో వేస్తాడు కాబట్టి ఆ పేరు.

అలాంటి మనిషి ఆ పూట గంట వైపు కన్నెత్తి చూడలేదు.

"ఏరా, చేతికందే దూరంలో ఉంది కదా, చెవి దగ్గర పెట్టుకోవేం?" అంది అక్క.

"జలుబు చేసిందక్కా. చెవులు దిబ్బళ్లు పడ్డాయి." కాఫీ అలాగే వదిలేసి, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

అక్క ఆ గ్లాసు వైపు కాసేపు చూసింది. "వాడికి జలుబు చేసి నేనెప్పుడూ చూడలేదు," అంది కూతురితో. "ఇప్పుడూ చూడలేదు."

మేనేజరమ్మ ఆఫీసులో లెక్కలన్నీ మళ్లీ చూసుకుని, మధ్యాహ్నం రెండింటికి మూగ గంటనొకదాన్ని సంచిలో వేసుకుని షెడ్డుకి బయల్దేరింది.

*

షెడ్డులో ప్రెస్సు ఆగి ఉంది. గుమ్మం దగ్గర గుంపుగా నిలబడి ఉన్న పనివాళ్లు ఆవిడను చూసి తలో దిక్కు సర్దుకున్నారు. నమస్కారాలు పెట్టారు గాని ఎవరూ కబుర్లు కలపలేదు. ఒప్పందం జరిగిన దగ్గర్నుంచీ అంతే. వాళ్లని తప్పు పట్టడానికీ లేదు.

మామయ్య బల్ల ఖాళీగా ఉంది. ఆయన వెనక పెరట్లో చేతులు కడుక్కుంటున్నాడని, అరగంట నుంచీ కడుక్కుంటూనే ఉన్నాడని ఎవరో చెప్పారు.

ఆవిడ ఆ స్టూలు మీద కూర్చుంది. షెడ్డులో చేసిన గంటనొకదాన్ని తీసుకుని కొట్టింది. ఖంగున మోగింది. ఆ మోత షెడ్డంతా తిరిగి, కిటికీలోంచి సందులోకి వెళ్లింది.

మూడు వీధులన్న మాట ఇక్కడ వెనక్కి తీసుకోక తప్పదు. ఆ మోత సందు మలుపు దాటదు. పిల్లి ఉన్నమాట నిజమే, గోడ మీదే పడుకునేది కూడా. కాకపోతే దానికి పుట్టు చెవుడు. అది లేచేది చేపలమ్మే ఆమె వచ్చే వేళకి. షెడ్డులో రోజూ గంట మోగడం మొదలయ్యేదీ ఆ వేళకే. ఇక మిగతాదంతా నిఖార్సయిన నిజం.

మేనేజరమ్మ రెండు గంటల్నీ పక్కపక్కన పెట్టి స్క్రూలు విప్పింది. కంపెనీ నడపడం వచ్చిన మనిషే గాని, షెడ్డులో చేసిన గంట విప్పడం ఆవిడకి అదే మొదటిసారి. ముందు అవతలి వాళ్లది విప్పింది. మూడు ముక్కలొచ్చాయి. గిన్నె, పోస్టు, మీట బిగించిన అడుగు పళ్లెం. తర్వాత ఇంటి గంట విప్పింది. గిన్నె వచ్చింది, పోస్టు వచ్చింది, పళ్లెం వచ్చింది. వాటితో పాటు చిన్న రింగొకటి జారి బల్ల మీద గిరగిరా తిరిగి పడిపోయింది.

మిల్లీమీటరు మందం కూడా ఉండదు. రేకు డబ్బా మూతలోంచి కత్తిరించింది. ఒక పక్క ఇంకా నీలం రంగు అంటుకుని ఉంది.

తండ్రి గీసిన కాగితం ఆవిడకి కంఠతా వచ్చు. అందులో నాలుగో ముక్క లేదు.

ఆవిడ ఆ రింగుని మూగ గంట పోస్టు మీద పెట్టి, పైన గిన్నె బిగించి, మీట నొక్కింది.

ఖంగుమంది.

ప్రెస్సు పక్కన నిలబడ్డ ముసలి మెకానిక్కు తల తిప్పి చూసి, గభాల్న మళ్లీ అటు తిరిగిపోయాడు. తడి చేతులతో మామయ్య గుమ్మంలో ఉన్నాడు.

"ఇదేంటి మామయ్యా?"

ఆయన తువ్వాలుతో వేళ్లు ఒక్కొక్కటీ తుడుచుకున్నాడు. "మేము దాన్ని మర్యాద అంటాం," అన్నాడు చివరికి.

"ఏమంటారూ?"

"మర్యాద. బల్ల మీద కొత్తగా చేరిన వాడికి మొదట నేర్పేది అదే. గిన్నె పెట్టేముందు మర్యాద వెయ్యి, పెద్దాయన వచ్చినప్పుడు మాత్రం దాని ఊసెత్తకు అని."

తర్వాత విషయమంతా మెల్లమెల్లగా బయటికొచ్చింది. మొదటి గంట బిగించిన రోజున కూడా ఇలాగే టక్కుమందట. పోస్టు ఎత్తు చాలక గిన్నె అంచు పళ్లానికి తగులుతోంది. ముందు గదిలో తొలి బేరం మనిషి కూర్చుని ఉన్నాడు. పెద్దాయన, అంటే ఆయన బావ, తలుపు తీసుకుని లోపలికొచ్చే లోపు మామయ్య చేతికందిన డబ్బా మూత కత్తిరించి రింగు పెట్టేశాడు. గంట మోగింది. బావ వీపు మీద చరిచి, చూశావా, నా గీతలో వెంట్రుకవాసి తప్పుండదు అన్నాడు. ఆ సంబరం చూశాక నిజం చెప్పడానికి మామయ్యకి మనసొప్పలేదు. రేపు చెబుదామనుకున్నాడు. రేపు కాస్తా ముప్పై రెండేళ్లయింది.

"సరే, అప్పుడు చెప్పలేకపోయావు. పొద్దున్న చెప్పొచ్చుగా? ఐదింటికి నేను కాదంటే షెడ్డు మూతపడుతుందని తెలిసి కూడా జలుబంటావా?"

మామయ్య ఎదురుగా ఉన్న బోల్టుల పెట్టె మీద కూర్చున్నాడు. ఆయనకి కోపం రావడం అరుదు. వచ్చినా గొంతు ఇంకా తగ్గుతుంది తప్ప పెరగదు.

"నువ్వు అవునంటే మాత్రం తెరిచి ఉంటుందా తల్లీ? గిన్నె నొక్కే పని బయటికి పోయింది. సరే, మన ప్రెస్సు ముసలిదైంది, నాకూ తెలుసు. బిగించే పని కూడా కాగితంలో రాసి వాళ్లకే ఇచ్చావు. ఇక మా దగ్గర మిగిలింది ఈ రింగొక్కటి. ఇది కూడా కాగితం ఎక్కిందంటే ఈ బల్ల మీద పనిచేసే మా ఏడుగురితో నీకు పనేముంది?"

మేనేజరమ్మ స్క్రూడ్రైవరు కింద పెట్టింది. నిజానికి ఆ ప్రశ్న వారం రోజులుగా ఆవిడ చుట్టూ తిరుగుతూనే ఉంది. తాను చూసుకున్న లెక్కలన్నీ సరైనవే. ప్రెస్సు పగిలింది, కొత్తది కొనే శక్తి లేదు, బల్ల మీద ముగ్గురికి భుజాలు అరిగిపోయాయి, పెద్ద ఆర్డరు గుమ్మంలో నిలబడింది. వాటిలో ఏదీ అబద్ధం కాదు. అయితే ఆ లెక్కలో బల్లను కూడా ప్రెస్సులాగే ఒక మిషనుగా వేసుకుంది.

సంచిలో ఇంకో కాగితం ఉన్నట్టు ఆవిడకి అప్పుడు జ్ఞాపకం వచ్చింది. గంటలే కాదు, కొత్త గంటను కనిపెట్టే పని కూడా ఆవిడ బయటికే ఇచ్చింది. బ్యాటరీ సైకిళ్లకు సరిపడే తేలికపాటి గంట కావాలని ఒక పరిశోధనశాలకు అప్పగిస్తే, వాళ్లు మొదలుపెట్టే ముందు మూడు ప్రశ్నలు పంపారు. ఆఫీసులో ఎవరికీ ఒక్కదానికీ జవాబు తెలియక ఆ కాగితం పది రోజులుగా సంచిలోనే ఊరేగుతోంది.

"మామయ్యా, గిన్నె అంచు లోపలికి కొంచెం మడిచి ఉంటుంది కదా. ఎందుకూ?"

"ఎందుకేంటి? వానలో నీటిబొట్టు అంచున వేలాడితే మోత చచ్చిపోతుంది. అలా మడిస్తే బొట్టు నిలవదు, జారిపోతుంది. ముందు మడిచేవాళ్లం కాదు. పోస్టుమ్యాన్ ఒకాయన వచ్చి వానాకాలం మీ గంట మూగనోము పడుతోందయ్యా అంటే, ఎనిమిది రకాలు మడిచి చూశాం."

"ఎనిమిది రకాలా?"

"ఏడు పాడయ్యాయి. అవి ఆ అటక మీదే ఉన్నాయి, చూస్తావా?"

రెండో ప్రశ్న అడిగింది. జవాబు వచ్చింది. మూడోదానికి మామయ్య బదులు బల్ల అవతలి నుంచి ముసలి మెకానిక్కు చెప్పాడు. ఆయన చెప్పింది తప్పని ఇంకొకడు అడ్డుపడ్డాడు. కాసేపటికి బల్ల చుట్టూ ఏడుగురూ చేరి, పల్చటి గిన్నెకి పోస్టు లావు పెంచాలా తగ్గించాలా అని ఒకరి మాట మీద ఒకరు పడి వాదించుకుంటున్నారు. వారం రోజులుగా నోరు మెదపని మనుషులు వీళ్లేనా అనిపించింది.

మేనేజరమ్మ కాగితం వెనక్కి తిప్పి గబగబా రాసుకుంది. రాస్తూ రాస్తూ ఆగింది.

"మామయ్యా, నేనొక తెలివితక్కువ పని చేశాను," అంది. "పరిశోధనశాల కోసం ఊళ్లన్నీ వెతికాను. అది ఈ స్టూలు చుట్టూ ఉందని చూసుకోలేదు."

గిన్నెలు నొక్కడం బయటే జరగనీ అంది. దానికి పెద్ద ప్రెస్సు కావాలి, అది మన దగ్గర లేదు. ఆ ముక్కలు ఇక్కడికి రావాలి, ఈ బల్ల మీద గంటలవ్వాలి, చెవికి ఆనించి చూశాకే పెట్టెలోకి వెళ్లాలి. కొత్త గంట ఇక్కడే పుట్టాలి. పరిశోధనశాల వాళ్లు తమ యంత్రాల మీద పరీక్షలు చేసి పెడితే చాలు. ఒప్పందంలో ఆ రెండు ముక్కలూ ఇవాళే మార్పించి తీసుకుంటానంది.

"వాళ్లు ఒప్పుకుంటారా?"

"మూగ గంటలు నలభై వేలు చేసి వాళ్లు మాత్రం ఏం చేసుకుంటారు? ఒప్పుకుంటారు. ఒక్కటే చిక్కు. ఈసారి రింగు గీతలోకి ఎక్కాలి, గీత మారిస్తే గీసినవాళ్ల సంతకం ఉండాలి. ఒప్పందంలో అలాగే రాసుకున్నాం."

మామయ్య మూగ గంటలోంచి రింగు మళ్లీ బయటికి తీసి, పక్కన మోగే గంటనొకదాన్ని పెట్టుకున్నాడు. ముప్పై రెండేళ్లు దాటవేసిన రేపు ఆయన ముందుకొచ్చి కూర్చుంది. గోడ మీద గడియారం మూడున్నర చూపిస్తోంది.

*

తండ్రి ఇంటి ముందు గదిలో గీతలు గీసే వాలు బల్ల దగ్గర ఉన్నాడు. మామయ్య గుమ్మంలోనే చెప్పులు విడిచి, అక్కడే ఆగిపోయాడు. అక్క వెనక నుంచి వచ్చి, లోపలికి నడవరా అని వీపు మీద చెయ్యి వేస్తే గాని కదలలేదు.

రింగుని అరచేతిలో పెట్టి చూపించాడు. "బావా, పోస్టు ఎత్తు ఒక్క పిసరు తక్కువ పడింది."

పెద్దాయన రింగు తీసుకుని వెలుతురుకి పట్టి చూశాడు. మోగే గంటనూ మోగని గంటనూ చూశాడు. ఆయనకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేకపోయింది.

"ఎప్పట్నుంచి?"

"మొదటి గంట నుంచి."

పెద్దాయన రింగుని బల్ల మీద పెట్టాడు.

"షెడ్డులో అందరికీ తెలుసా?"

మామయ్య తల దించుకున్నాడు.

"అంటే ముప్పై రెండేళ్లు నేను ఆ బల్ల పక్కన నిలబడి నా గీత, నా గీత అంటుంటే, అందరూ విని ఊరుకున్నారన్నమాట. నన్ను వెర్రివాణ్ణి చేశారు."

"వెర్రివాణ్ణి చెయ్యాలనుకుంటే ఒక్కరోజు రింగు మానేసేవాడు," అంది భార్య. "ఒక్కరోజైనా మానేశాడా?" దగ్గరికొచ్చి నిలబడింది. "ఆ రోజే చెప్పుంటే ఏం చేసేవాళ్లు? నిజం చెప్పండి."

ఆయన ఆలోచించాడు. కూతురు గడియారం చూడకుండా ఉండటానికి చాలా కష్టపడింది.

"కాగితం మళ్లీ గీసేవాణ్ణి," అన్నాడు. ఆ వెంటనే తల అడ్డంగా ఊపాడు. "కాదు. ఆ రోజుల్లో నా పొగరు నీకు తెలుసుగా. వీణ్ణి వెళ్లగొట్టేవాణ్ణి. గీత అలాగే ఉంచేవాణ్ణి. మర్నాటికి కంపెనీ ఉండేది కాదు."

మామయ్య ఏదో అనబోతే చేత్తో ఆపాడు.

"నా కాగితం పరాయివాళ్ల పాలవుతోందని వారం నుంచి ముద్ద మింగుడు పడలేదోయ్ నాకు. తీరా వాళ్ల పాలయిందేమో ఇది." మూగ గంట మీట నొక్కాడు. టక్. ఇంకోసారి నొక్కాడు. ఆయన భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తున్నాడేమోనని మామయ్య కంగారు పడ్డాడు. నవ్వుతున్నాడు. "ముద్ద మింగుడు పడకపోవడమేంటి, గిన్నెలు ఖాళీ అవుతుంటేనూ," అని భార్య అనేసరికి ఆ నవ్వు గదిలో అందరికీ అంటుకుంది.

అసలు కాగితం బల్ల మీద పరిచారు. పెద్దాయన పెన్సిలు చెక్కి, స్కేలు పెట్టి, పోస్టు మీద సన్నటి రింగు గీశాడు. మందం ఎంతని బావమరిదిని అడిగి మరీ రాశాడు. కింద సంతకం చేశాడు. మార్పు చేసినవారు అన్న చోట మాత్రం పెన్సిలు ఆగింది.

"ఇక్కడ నువ్వు పెట్టు," అన్నాడు.

"నేనా? గీతల కాగితం మీద నా సంతకమేంటి బావా?"

"పెట్టవోయ్. ఐదవుతోంది, అమ్మాయి ప్రాణం పోతోంది."

ఆయన పెట్టాడు. పేరు కాగితం చివరిదాకా పాకి, అంచు దాటి కొంచెం బల్ల మీదికి కూడా వెళ్లింది.

ఐదు కావడానికి పన్నెండు నిమిషాలుండగా మేనేజరమ్మ ఫొటో తీసి పంపి, ఫోను చేసింది. అవతలి ఇంజనీరు కాగితం చూసుకున్నాడు. గిన్నెలు, పోస్టులు, పళ్లాలు మాత్రమే చేసి పంపాలన్న షరతు విన్నాడు. బిగింపు మీదే ఉంచుకోండి, మా వాళ్లకి చెవులు లేవని ఈ ఇరవై నాలుగూ రుజువు చేశాయి కదా అన్నాడు. మిషన్లు రేపే తిప్పుతామన్నాడు.

 మేనేజరమ్మ ఫోను పెట్టేయబోతుంటే అతను ఇంకో మాట అడిగాడు.

"మేడమ్, ఈ రెండో సంతకం ఎవరిది? ఆయన్ని ఒక ఆర్నెల్లు మాకు పంపగలరా? గిన్నెల దగ్గర ఎక్కడ మోత చస్తోందో చెవితో పట్టేవాళ్లు మా దగ్గర ఒక్కరూ లేరు. మా కుర్రాళ్లకి నేర్పాలి. మనిషిని మీ మనిషిగానే చూస్తాం."

ఆవిడ ఫోను మామయ్య చేతికిచ్చింది. ఆయన దాన్ని చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఇన్నాళ్లూ ఆ సందు దాటి పట్టుమని పది రోజులు ఎక్కడా ఉండని మనిషి. ఏడుగురి బల్ల నిలబడి ఐదు నిమిషాలు కూడా కాలేదు.

"మీ ప్రెస్సు ఎన్ని టన్నులదండీ?" అని అడిగాడు ముందు. జవాబు విని కళ్లు పెద్దవి చేశాడు. "మీ దగ్గర వానలు ఎక్కువా?" అని అడిగాడు. ఎక్కువేనట.

అక్క కొంగుతో చేతులు తుడుచుకుంటూ ఉండిపోయింది. తుడుచుకోవడానికి వాటి మీద తడేమీ లేదు. బావ కొత్తగా గీసిన రింగు వైపే చూస్తూ, "వెళ్తే అక్కడే అట్టిపెట్టేసుకుంటారేమో," అన్నాడు ఎవరితోనూ కాకుండా.

"అలాగేనండీ, వస్తాను," అన్నాడు మామయ్య.

ఈ కథ చెప్పేవాడు ఒక్క మాట ఒప్పుకోవాలి. ఫోనులో అవతలివాడు కాచుకుని ఉంటే చూస్తూ ఊరుకోలేక ఆ చివరి "వస్తాను" ఇక్కడ పెట్టింది చెప్పేవాడే. సంతకాలు నిజం, ప్రెస్సు టన్నులు నిజం, వానల సంగతీ ఆయన అడిగాడు. జవాబు మాత్రం ఆయన ఇంకా ఇవ్వలేదు. ఫోను చెవి దగ్గరే ఉంది. అక్క వైపు చూశాడు, బావ వైపు చూశాడు, మేనకోడలి వైపు చూశాడు. అప్పుడు నోరు తెరిచాడు.